ఏ వేగం దగ్గర బండి మాట్లాడుతుంది?

సరుకు మోయడానికి లారీ ఉంది. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లడానికి ఏడుగురు పట్టే కారు ఉంది. స్పోర్ట్స్ కారుకు అలాంటి పనేమీ లేదు. నడపడంలో ఆనందం కలగాలి, అది పుట్టిందే అందుకు. ఆ ఆనందం పోయిందంటే ఇక మిగిలేది ఖరీదు మాత్రమే. పదిహేనేళ్లుగా ఈ కార్లను ప్రేమించేవాళ్లు ఒకే మాట అంటున్నారు: కార్లు వేగంగా, భద్రంగా, సుఖంగా తయారయ్యాయి, నడిపేవాడికి మాత్రం చేసే పని లేకుండా పోయింది. నేను ఆ మాట వైపే మొగ్గుతాను. అయితే అందులో పాతకాలం మీది మమకారం ఎంత, నిజం ఎంత అన్నది తేలాలంటే ఎదుటి పక్షం గట్టిగా మాట్లాడాలి.

ఇక్కడ మాట్లాడేవాళ్లు ఇద్దరు. బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపిన మెకానిక్, అంబాసిడర్లూ పద్మినీలూ విప్పి బిగించిన చెయ్యి. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో స్టీరింగు సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీరు. ఆ ఊళ్లోనే ఉన్న పోర్షే మ్యూజియం చూసి వచ్చాక మొదలైంది వాదన.

బాబాయి: 1973 నాటి కరెరా ఆర్‌ఎస్ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో చూశావుగా. వెనక మూత మీద బాతు తోక అని పిలిచే రెక్క ఉన్న బండి. అందులో తేలిక రకం 960 కిలోలు. 2.7 లీటర్ల ఇంజను, 210 గుర్రాల బలం. రేసు నిబంధన కోసం 500 చేస్తే చాలనుకున్నారు, జనం ఎగబడితే 1,580 చేయాల్సి వచ్చింది. దాని వంశంలోదే 2019లో వచ్చిన 911. మామూలు కరెరానే 1,500 కిలోల పైమాట, 385 గుర్రాలు. టర్బో ఎస్ అయితే 650 గుర్రాలు, 2.7 సెకన్లలో వంద అందుకుంటుంది. బలం మూడింతలైంది. నడిపేవాడి సంతోషం మూడింతలైందా? మొన్న మీ ఆఫీసు అబ్బాయి తన కొత్త బండి నా చేతికిచ్చాడు కదా. ఏ కంపెనీదైతే ఏముందిలే, అన్నీ ఆ తీరుకే వచ్చాయంటున్నావు. బ్లాక్ ఫారెస్ట్ కొండ రోడ్డు మీద పోతుంటే అరవైలో ఉన్నాననుకున్నాను. తీరా చూస్తే వంద. బండికి వంక పెట్టడానికి లేదు. నేనే అందులో అనవసరం.

అమ్మాయి: వందలో పోతున్నా బండి స్థిమితంగా ఉండటం తప్పా బాబాయ్? అదే మ్యూజియంలో 1975 టర్బో కూడా చూశారు. 260 గుర్రాలు, నాలుగే గేర్లు. తక్కువ చక్కర్ల దగ్గర టర్బోకు ఒత్తిడి అందదు. మలుపులో కాలు నొక్కితే ఏమీ జరగదు, ఇంకాస్త నొక్కుతారు, అప్పుడు బలమంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. ఇంజను బరువేమో వెనక చక్రాలకు అవతల ఉంటుంది. భయపడి కాలు తీశారో, బరువు ముందుకు వాలి వెనక టైర్ల పట్టు సడలుతుంది, బండి తోక తిరిగి ముందుకొచ్చేస్తుంది. భార్యల మెడలో తాళి తెంచే బండి అనే అర్థంలో దానికి పేరు పడింది. దాన్ని నడిపి బతికి బయటపడ్డవాళ్లు ఉత్సాహం అంటున్నది అసలు భయమే. బండి జారబోతోందని గుర్తించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఈఎస్‌పీని 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి తెచ్చాయి. అది ఎన్ని ఇళ్లలో దీపాలు నిలబెట్టిందో! దాన్ని పక్కన పెట్టి పాత బండ్లను పొగడటం నావల్ల కాదు.

బాబాయి: ఈఎస్‌పీ తీసేయమని నేనెప్పుడన్నాను? నుజ్జయిపోయిన బండ్లు షెడ్డుకు వస్తే సీట్ల మీద మరకలు కడిగినవాణ్ని. భయం గొప్పదని నాతో ఎవరూ అనిపించలేరు. నేనడిగేది భయం కాదు, ఎరుక. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేదానివి గుర్తుందా? దారం వేలి మీద ఉన్నంతసేపూ, కళ్లు మూసుకున్నా పైన గాలి ఎలా ఉందో తెలిసేది. ఎక్కడ సడలింది, ఎక్కడ లాగుతోంది, ఎప్పుడు వదలాలి, అంతా ఆ వేలికే. దారం తీసేసి, పక్కన ఒకణ్ని నిలబెట్టి, 'గాలి బాగానే ఉంది, నువ్వు కంగారుపడకు' అనిపిస్తే అది ఎగరేసినట్టవుతుందా? కొత్త బండి స్టీరింగు పట్టుకుంటే నాకు అలా ఉంది. తిప్పితే తిరుగుతోంది, చెప్పిన చోటికి పోతోంది. రోడ్డు తడిగా ఉందో పొడిగా ఉందో మాత్రం చేతికి ఏమీ తెలియలేదు.

అమ్మాయి: ఈ విషయంలో మీరన్నది నిజం, ఎందుకు నిజమో కూడా చెప్తాను. టైరు రోడ్డును తాకేది అరచేయంత మేరే. మలుపులో టైరు మీద పక్కవాటుగా పడే బలం ఆ మేర నడిమధ్యన పడదు, కాస్త వెనకగా పడుతుంది. అందువల్ల చక్రం తనంతట తాను తిన్నగా అవ్వాలని చూస్తుంది. మీ చేతికి బరువుగా తెలిసేదాంట్లో పెద్ద భాగం అదే. టైరు పట్టు చివరికి వచ్చేకొద్దీ ఆ బలం పడే చోటు మధ్యకు జరుగుతుంది. అంటే టైరు ఇంకా జారకముందే, జారబోతుండగానే, స్టీరింగు తేలికపడుతుంది.

బాబాయి: ఆగాగు. వానాకాలం బందరు రోడ్డు మీద అంబాసిడర్‌లో పోతుంటే చెయ్యి ఉన్నట్టుండి తేలికైపోయేది. వెంటనే కాలు తీసేవాళ్లం. మా మేస్త్రి నేర్పింది అదే: 'చెయ్యి తేలికైతే కాలు తియ్యి.' ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఇదన్నమాట.

అమ్మాయి: అదే. ఇప్పుడు ఆ కబురు మీ చేతి దాకా ఎలా వస్తుందో చూడండి. పాత పవర్ స్టీరింగులో ఇంజను బెల్టు తిప్పే పంపు నూనె ఒత్తిడితో సాయం చేసేది. బండి తిన్నగా పోతున్నా ఆ పంపు తిరుగుతూ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. కొత్తదాంట్లో కరెంటు మోటారు. స్టీరింగు తిప్పినప్పుడే పని చేస్తుంది కాబట్టి పెట్రోలు ఆదా. గీత దాటితే బండిని వెనక్కి లాగడం, దానంతట అది పార్కు కావడం లాంటివన్నీ ఆ మోటారు ఉంటేనే కుదురుతాయి. 911కు అది 2011లో వచ్చింది, అప్పుడే ఈ గొడవంతా పెద్దదైంది. ఇబ్బంది ఎక్కడంటే, మోటారుకు సొంత బరువుంది, దాని పళ్లకు సొంత రాపిడి ఉంది. టైరు నుంచి వచ్చే చిన్న చిన్న అదురులు ఆ రాపిడిని దాటి పైకి రాలేక మధ్యలోనే చచ్చిపోతాయి. తొలి ఏళ్లలో మా రంగం నిజంగానే మీ చేతికి అన్యాయం చేసింది. తర్వాత నేర్చుకున్నాం. కింద చక్రాల మీద ఎంత బలం పడుతోందో లెక్కగట్టి, పోయిన కబురును మోటారుతోనే మళ్లీ పైకి పంపిస్తున్నాం. 911లోనే 2021 జీటీ3 రకం తీసుకోండి. స్టీరింగు కరెంటుదే, ముందు సస్పెన్షన్‌ను మాత్రం పూర్తిగా మార్చి, మలుపులో టైరు రోడ్డుకు చక్కగా ఆనేలా చేశారు. దాని స్టీరింగును పాత బండ్ల అభిమానులే మెచ్చుకున్నారు.

బాబాయి: అంటే టైరు చెప్పింది ముందు నువ్వు వింటావు. విని, నాకు ఎంత చెప్పాలో నువ్వే నిర్ణయిస్తావు.

అమ్మాయి: పాత బండిలోనూ ఎవరో నిర్ణయించారు బాబాయ్. నూనె వాల్వుకు ఏ ఆకారం చెక్కాలి, ఎంత మెలి తిరిగితే ఎంత సాయం అందాలి, సస్పెన్షన్‌లో రబ్బరు బుష్షు ఎంత మెత్తగా ఉండాలి, అన్నీ ఒక ఇంజినీరు బల్ల మీద తేలినవే. మధ్యలో మనిషి లేని కారు ఏనాడూ లేదు. అప్పుడు ఆ మనిషి ఉలితో చెక్కాడు, ఇప్పుడు నేను అంకెలతో చెక్కుతున్నాను.

బాబాయి: మంచి మాటే అన్నావు, ఒప్పుకుంటాను. కానీ ఆ వాల్వు చెక్కినవాడు ఒక్కసారి చెక్కి వదిలేశాడు. ఇక అది అంతే. నెల రోజులు నడిపితే ఆ బండి నోట ఏ మాటకు ఏమిటి అర్థమో నా చేతికి వచ్చేసేది. మీ బండ్లలో బొత్తాలున్నాయి, కంఫర్ట్, స్పోర్ట్, స్పోర్ట్ ప్లస్. అదే రోడ్డు, అదే టైరు, అదే మలుపు. బొత్తాం నొక్కితే స్టీరింగు బరువెక్కుతుంది. కింద టైరులో ఏం మారిందని బరువెక్కింది? మూడు రకాలుగా చెబితే అందులో ఏది నిజమని చెయ్యి నమ్మాలి?

అమ్మాయి: దానికి నా దగ్గర సమాధానం లేదు. బొత్తాం నొక్కితే బరువు పెరగడం స్పర్శ కాదు, ఊరికే బరువు. మాలో చాలామందికి అది నచ్చదు. షోరూములో అమ్మేవాళ్లకు నచ్చుతుంది. అరగంట నడిపి కొనేవాడికి ఏదో ఒక తేడా కనిపించాలి కదా. కానీ మీరు ఒక బొత్తాన్ని పట్టుకుని మొత్తం కాలాన్ని తప్పుపడుతున్నారు. ప్రతి తరమూ ఇలాగే అంది. 1920ల కార్లలో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నడిపేవాడే లివరుతో సర్దుకోవాలి. ఫోర్డ్ మోడల్ టీ స్టీరింగు పక్కన ఆ లివరు ఉండేది. అది పోయిందని ఇవాళ ఎవరైనా ఏడుస్తున్నారా? 1990లో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ వచ్చింది. మొత్తం అల్యూమినియం శరీరం, 3 లీటర్ల వీ6. అది తయారవుతుండగా రేసు డ్రైవరు అయర్టన్ సెన్నా సుజుకా ట్రాక్ మీద నడిపి, శరీరం ఇంకా గట్టిగా ఉండాలని చెబితే, ఆ పని చేశారు. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేంత సులువైన స్పోర్ట్స్ కారు. అప్పుడూ అన్నారు, మరీ సులువు, ఆత్మ లేదు అని. మెక్‌లారెన్ ఎఫ్1 రూపకర్త గోర్డన్ మర్రే మాత్రం తన కారు రోడ్డు మీద ఎలా నడవాలో దానికి ఎన్‌ఎస్‌ఎక్స్‌నే కొలబద్దగా పెట్టుకున్నాడు. సుఖం ఉంటే ఆనందం ఉండదన్న మాట ముప్పై అయిదేళ్ల నాడే తేలిపోయింది.

బాబాయి: ఎన్‌ఎస్‌ఎక్స్ నీ పక్షాన నిలబడదు తల్లీ. చేత్తో గేర్లు మార్చే తొలి ఎన్‌ఎస్‌ఎక్స్‌లో పవర్ స్టీరింగే లేదు. ఆటోమేటిక్ తీసుకున్నవాళ్లకే కరెంటు స్టీరింగు ఇచ్చారు. హోండావాళ్లు ఏం చేశారో చూడు. ముందుకు రోడ్డంతా కనబడేలా చేశారు, పొద్దున్నే స్టార్టయ్యేలా చేశారు, సీట్లో నడుం నొప్పి లేకుండా చేశారు. చేతికీ రోడ్డుకూ మధ్య మాత్రం వేలు పెట్టలేదు. నడిపేవాడి ఇబ్బంది తీశారు, పని తీయలేదు. నిప్పురవ్వ లివరు ఇబ్బంది, అది పోతే నాకేం? స్టీరింగు పని. క్లచ్చు పని. ఇవి రెండూ ఒకటే అన్నట్టు మీరు ఒకే పద్దులో రాస్తున్నారు.

ఇక్కడ నా మాట ఒకటి. ఈ విషయం మీద నేను చదివిన వాదనల్లో ఎక్కువభాగం చిక్కుకుపోయేది ఈ తేడా చూడకనే. సుఖాన్ని తిట్టేవాళ్లు ఎండలో మాడ్చే సీటునూ, వానకు కారే పైకప్పునూ కూడా పుణ్యంలా చెబుతారు. సుఖాన్ని మెచ్చేవాళ్లు నడిపేవాడి చేతిలోని పనిని కూడా బాధల జాబితాలో చేర్చేస్తారు. బాబాయి గీసిన గీత సరైనదని నా నమ్మకం. గీతకు ఇటు ఏది, అటు ఏది అన్న దగ్గరే అసలు తగువు, గేర్ల పెట్టె దగ్గర అది బాగా బయటపడుతుంది.

అమ్మాయి: సరే, క్లచ్చు పనే అనుకుందాం. పీడీకే గేర్ల పెట్టెలో రెండు క్లచ్చులుంటాయి. ఒకటి బేసి గేర్లకు, రెండోది సరి గేర్లకు. మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది, రెప్పపాటు కూడా పట్టదు. పోర్షే రేసు కార్లు 1980లలోనే దాన్ని వాడాయి, 911కు 2008లో వచ్చింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంటాయి, చూపంతా మలుపు మీదే ఉంటుంది. నూర్‌బుర్గ్‌రింగ్ అనే 20.8 కిలోమీటర్ల ట్రాక్ మీద 2021 జీటీ3 ఏడు నిమిషాల లోపు తిరిగింది. ఆ వేగంలో గేరు కర్ర కోసం చెయ్యి తీయాలనిపిస్తుందా? పని పోలేదు బాబాయ్, పని చోటు మారింది. మలుపులో ఏ గీత పట్టాలి, బ్రేకు ఎక్కడ వదలాలి అన్నదాని మీదికి వచ్చింది.

బాబాయి: నూర్‌బుర్గ్‌రింగ్ మీద కాపురం ఉండేవాళ్లెందరు? 2013లో జీటీ3కి పీడీకే ఒక్కటే ఇచ్చారు, చేతి గేరు తీసేశారు. గడియారం ప్రకారం అదే సరి. తర్వాత ఏమైంది? నువ్వే చూపించావు ఇవాళ. 2016లో 911 ఆర్ అని చేతి గేరు బండ్లు 991 మాత్రమే చేస్తే, అవి చేతులు మారిన ధరలు షోరూము ధరను ఎంతో దాటిపోయాయి. మరుసటేడు జీటీ3కి చేతి గేరు మళ్లీ వచ్చింది. 2023లో ఎస్/టీ అనేదానికి చేతి గేరు తప్ప ఇంకోటి ఇవ్వనేలేదు. కొనేవాళ్లకు తెలుసమ్మా తాము ఏం పోగొట్టుకున్నారో. అంబాసిడర్‌లో మొదటి గేరుకు వేగాలు తనే కలిపే సింక్రో లేదు. పోతూ పోతూ మొదటికి దించాలంటే క్లచ్చు తొక్కి, న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, రేసు ఇచ్చి, మళ్లీ తొక్కి వెయ్యాలి. ఇంజను చక్కర్లు సరిగ్గా కుదిరితే కర్ర వెన్నలోకి దిగినట్టు దిగేది. కుదరకపోతే గర్రుమని పళ్లు కొరికేది. కుదిరిన ప్రతిసారీ లోపల ఒక సంతోషం. అది ఎవరూ చూడరు, దానికి మార్కులు లేవు. నీ పెట్టె ప్రతిసారీ కుదురుస్తుంది. అందుకే ఒక్కసారి కూడా నాది కాదు.

అమ్మాయి: అది నాకూ తెలుసు. మీ పద్మినీ మీదే నేర్చుకున్నాను కదా. ఇంకో సంగతి మీ పక్షానే చెప్తాను, మీరు దాన్ని సరిగ్గా వాడుకోవట్లేదు. మీ ఆర్‌ఎస్‌కు ముందు టైర్లు 185 మిల్లీమీటర్ల వెడల్పు, వెనక 215. ఇప్పటి మామూలు కరెరాకు ముందు 235, వెనక 295. జీటీ3కి 255, 315. రబ్బరు కూడా ఎంతో మారింది. టైరు జారబోతూ స్టీరింగుకు చెప్పే ఆ కబురు ఉంది చూశారా, మీ ఆర్‌ఎస్‌లో అది మామూలు వేగాల్లోనే మొదలవుతుంది. కొత్తదాంట్లో మలుపు అదే అయినా ఎంతో ఎక్కువ వేగంలో పోతే గాని మొదలవదు. బండి మూగబోలేదు. గట్టిగా పరిగెత్తితే తప్ప నోరు విప్పదు.

బాబాయి: ఇక నేను చెప్పేదేముంది, నువ్వే చెప్పేశావు. ఇప్పుడు నీ మొదటి మాట దగ్గరికి పద. భద్రం, భద్రం అన్నావు. మీ పల్లె రోడ్ల మీద వందే కదా హద్దు. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120. తిరుమల ఘాట్ రోడ్డులో ఇంత సమయంకన్నా ముందు దిగకూడదని నిబంధనే ఉంది. ఆ హద్దుల్లో నడిపితే నీ బండి నాతో మాట్లాడదు. మాట్లాడించాలంటే 160లో మలుపు తిప్పాలి. ఎదురుగా ట్రాక్టరు రావచ్చు, పాల డబ్బాల మోటారు సైకిలు రావచ్చు. అంతేనా? నాకు ఆ ముచ్చట తీరాలంటే అవతలివాడి ప్రాణం పణంగా పెట్టాలా? పాత బండి 60లో చెప్పేది. పడితే గడ్డిలో పడేవాణ్ని, నా పరువు పోయేది. మీరు నన్ను కాపాడే సరంజామా అంతా పెట్టి, సంతోషాన్ని మాత్రం నేను చేరకూడని వేగంలో దాచిపెట్టారు.

అమ్మాయి: …దీనికి మాత్రం ఎదురు చెప్పలేను. ఆ కోణం మా మీటింగుల్లో రాదు. భద్రత ఒక గది, స్పర్శ ఇంకో గది. ఇద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోం. కానీ తప్పు కొత్తదనానిది కాదు బాబాయ్, బరువుది. 1989లో మాజ్దా ఎమ్‌ఎక్స్-5 పుట్టినప్పుడు 940 కిలోలు. 2015లో నాలుగో తరం వచ్చింది. గాలి సంచులు, ఏబీఎస్, ఈఎస్‌పీ, కరెంటు స్టీరింగు అన్నీ ఉన్నాయి. జపాన్‌లో దాని తేలిక రకం 990 కిలోలు. పాతికేళ్లలో యాభై కిలోలు పెరిగింది, అంతే. ఇంజను చిన్నది, టైర్లు సన్నవి, అరవైలోనే నవ్విస్తుంది. టయోటా 2012లో జీటీ86 తెచ్చినప్పుడు కావాలనే తమ పెట్రోలు పొదుపు కారు ప్రియస్‌కు వాడే తరహా టైర్లు వేసింది, తక్కువ వేగంలోనే బండి కదలిక చేతికి తెలియాలని. ఇవి రెండూ ఈ కాలపు కార్లే. నా మాట ఇదే: ఇప్పటి కారు ఆనందాన్ని ఇవ్వగలదు, ఇస్తోంది కూడా.

బాబాయి: మరి తక్కినవన్నీ ఎందుకు బలిశాయి?

అమ్మాయి: ఒకదాని వెంట ఒకటి. గుద్దుకుంటే తట్టుకోవడానికి ఉక్కు పెరిగింది. కొనేవాళ్లు మోటారు సీట్లు, పెద్ద తెరలు అడిగారు. బరువు పెరిగితే ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి, పెద్ద బ్రేకులు పట్టాలంటే పెద్ద చక్రాలు, ఆ చక్రాలకు వెడల్పు టైర్లు, అంత పట్టుకు తగ్గ బలం, ఆ బలానికి ఇంకా పెద్ద బ్రేకులు. 2024లో 911కు హైబ్రిడ్ కూడా వచ్చింది, యాభై కిలోలు పెరిగినా నూర్‌బుర్గ్‌రింగ్ మీద వెనకటి దానికన్నా 8.7 సెకన్లు ముందు వచ్చిందని చాటుకున్నారు. అబద్ధమేమీ కాదు. సెకన్లను కాగితం మీద అచ్చు వేయొచ్చు. మీ మేస్త్రి నేర్పినదాన్ని ఏ కాగితం మీద వేస్తారు?

బాబాయి: వేసి చూపించినాయన ఒకడున్నాడుగా, నువ్వు చెప్పిన మర్రే. టీ.50 అని చేశాడట.

అమ్మాయి: అవును. వెయ్యి కిలోలకు లోపే, 12,100 చక్కర్లు తిరిగే వీ12, చేతి గేరు. వందే వంద బండ్లు. ధర సామాన్యుడి ఊహకు కూడా అందదు.

బాబాయి: అదే నా దుఃఖం. ఒకప్పుడు బీద బండిలో ఊరికే దొరికింది ఇప్పుడు కోటీశ్వరులకు విడిగా అమ్ముతున్నారు. నువ్వు మెచ్చుకున్న ఆ మాజ్దా మన దేశంలో అమ్మనే లేదు. తెప్పించుకుందామంటే పన్నులతోనే ధర రెట్టింపు. మన కుర్రాళ్లకు ఈ రుచి మోటారు సైకిలు మీద తప్ప తగలదు, అక్కడ తల పగిలే ప్రమాదం ఎంతో నీకు చెప్పక్కర్లేదు.

అమ్మాయి: బ్యాటరీ బండ్లు వస్తున్నాయి కదా, వాటి సంగతి కూడా అనేయండి మరి.

బాబాయి: అంటాను. హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ అని నిన్న వీడియో చూపించావు. రెండు టన్నులు దాటిన బ్యాటరీ బండి. దానికి గేర్లే లేవు. అయినా మీట లాగితే గేరు మారినట్టు కుదుపు, ఇంజను ఉన్నట్టు మోత. లేని పెట్టెకు ఉన్నట్టు నటన. స్పోర్ట్ బొత్తాం కన్నా ఇది ఘోరం కదా?

అమ్మాయి: నాకలా అనిపించదు, ఇది మీ కోసం వాదిస్తున్నాననే అనుకోండి. ఊరికే మోత వినిపించి వదిలేస్తే మీరన్నది నిజమే. కొన్ని కంపెనీలు పెట్రోలు కార్లలోనే ఇంజను మోతను స్పీకర్లలోంచి పంపాయి, అది నాకూ రుచించదు. కానీ ఈ బండి మోటారు బలాన్ని నిజంగానే కోస్తుంది. తప్పు గేరులో మలుపులోకి వెళ్తే బయటికి వచ్చేటప్పుడు లాగదు. చక్కర్లు హద్దుకు చేరాక మీట లాగకపోతే అక్కడే తన్నుకుంటుంది. మీరు తప్పు చేస్తే మీకే నష్టం. చెవికి వినబడే మోతను బట్టి, తెర చూడకుండానే, ఎంత వేగంలో ఉన్నారో తెలుస్తుంది. మొన్న కొండ రోడ్డు మీద మీకు తెలియంది అదే కదా? నియమం మనిషి పెట్టిందే, దాన్ని పాటించడంలో కష్టం మాత్రం నిజమైనది. మీ చేతికి మళ్లీ పని దొరికింది.

బాబాయి: ఆ నియమాన్ని బొత్తాం నొక్కి ఆపేయొచ్చా?

అమ్మాయి: ఆపేయొచ్చు.

బాబాయి: అంబాసిడర్ మొదటి గేరును ఆపేయడానికి లేదు. నాకు ఇష్టమున్నా లేకపోయినా అది అంతే. అందుకే దానికి లొంగి నేర్చుకున్నాను. వద్దనుకున్న రోజు తీసేయగలిగిన కష్టం దగ్గర మనిషి ఎన్నాళ్లు నిలబడతాడు? అలసిపోయి ఇంటికెళ్లే సాయంత్రం మొదట ఆపేసేది దాన్నే.

అమ్మాయి: కొందరు ఆపేయరు బాబాయ్. వాళ్లను తక్కువగా చూడకండి. కావాలని కష్టాన్ని ఎంచుకున్నవాడిది కూడా ప్రేమే.

బాబాయి: ఆ మాట ఆలోచించాలి. ఒప్పుకున్నానని కాదు. సరే, ఒకటి చెప్పు. నీ స్టీరింగు బాగుందో లేదో ఎలా పరీక్ష చేస్తారు?

అమ్మాయి: చాలా ఉన్నాయి. స్టీరింగు నడిమధ్యన ఉన్నప్పటి స్పర్శ కొలవడానికి అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. తిన్నని రోడ్డు మీద స్టీరింగును మెల్లగా అటూ ఇటూ ఊపుతూ పోవాలి. ఎంత తిప్పితే చేతికి ఎంత బలం వస్తోందో గీత గీస్తాం. మామూలుగా 100 కిలోమీటర్ల వేగంలో చేస్తారు.

బాబాయి: యాభైలో కూడా చెయ్యి.

అమ్మాయి: యాభైలో టైరు నుంచి వచ్చే బలమే తక్కువ. మోటారు రాపిడి కింద అది మునిగిపోతుంది. గీతలో ఏమీ కనబడదు.

బాబాయి: అదేగా నేను పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నది. కనబడట్లేదని గీత గీయడం మానేస్తే ఎలా? గీసి, ఇదిగో ఇక్కడ ఏమీ లేదు అని మీ పెద్దవాళ్ల బల్ల మీద పెట్టు.

అమ్మాయి: పెడితే, రాపిడి తగ్గించాలంటే పళ్లు ఇంకా నున్నగా కోయాలి, బేరింగులు మార్చాలి, బండికి ఇంత ఖర్చు పెరుగుతుంది అంటారు. ఖర్చు ఒప్పుకున్నా సన్నటి టైర్లు వేయనివ్వరు, బొమ్మలో బాగుండదంటారు.

బాబాయి: ముందు ఆ రాపిడి సంగతి చూడు. టైర్ల గురించి వచ్చే ఏడు వచ్చినప్పుడు పోట్లాడదాం.